ఇవి ఎటు వేయమంటారు?

"నీకు కనిపించినప్పుడు ఎందుకు చెప్పలేదు?" నెదర్లాండ్స్‌లో మా బృందానికి పెద్ద అయినాయన పదిమందిలో అడిగారు. సెలవు మీద అనంతపురం పక్కనున్న మా ఊరికి వచ్చి పది రోజులైనా ఆ మాట నన్ను వదలలేదు.

దూరపు గెలాక్సీల నుంచి వచ్చే మసక రేడియో సంకేతాలను ఏరి పట్టికకు ఎక్కించడం నా పని. లోఫార్ అనే రేడియో టెలిస్కోపు ఎలైస్-ఎన్1 అనే ఆకాశ భాగాన్ని 164 గంటలు చూసినప్పుడు, చిత్రం నడిమి భాగంలో రొద, అంటే అసలు సంకేతం కాని అలజడి, 20 మైక్రోజాన్‌స్కీలకు దిగింది. రేడియో సంకేతపు బలాన్ని కొలిచే జాన్‌స్కీలో అది 50,000వ వంతు. 2021లో వెలువడిన ఆ పట్టికలో 80,000కు పైగా మూలాలు, అంటే సంకేతాలు వచ్చే చోట్లు, ఉన్నాయి. ఇలాంటి పనిలో రొదకు ఐదు రెట్లు మించినదాన్నే నమ్ముతాం. బాగా ప్రకాశించే మూలం పక్కన మాత్రం ఆ కొలత చాలదు. భూమి వాతావరణపు పైపొరల్లోని ఐనో ఆవరణం తరంగాలను చెదరగొడుతుంది కాబట్టి ఎంత దిద్దినా దాని చుట్టూ వలయాలు, చువ్వలు మిగులుతాయి. ప్రోగ్రాము వాటి ముక్కలను కూడా మూలాలుగానే లెక్క వేస్తుంది.

నా వంతు భాగంలో అలాంటివి ముప్పై దాకా కనిపించాయి. అన్నీ ఒకే విల్లు మీద ఉన్నాయి. పరారుణ చిత్రంలో ఆ చోట్ల ఒక్క గెలాక్సీ లేదు. నోటుపుస్తకంలో గుర్తు పెట్టుకున్నాను. కానీ ఆ జాబితా సరేనన్నది ఆయన. మా నాయన వయసు వారు. అక్కడ అందరూ ఆయనను పేరు పెట్టి పిలుస్తారు. నాలుగేళ్లయినా నాకు నోరు రాదు, ఆయన తల ఎత్తేదాకా ఎదురుగా నిలబడతాను. ఊరుకున్నాను. రెండు నెలల తరువాత పక్క గది అమ్మాయి పట్టుకుంది. "తప్పు మీదే" అని ఆయన ముఖానే చెప్పింది. ఆయన ఆమెకు కృతజ్ఞత చెప్పి నావైపు తిరిగారు.

నేను భయపడ్డానని వాళ్లనుకున్నారు. భయం కాదు. పెద్దవారి మాటను పదిమందిలో కొట్టివేయకూడదని పెరిగినవాళ్లం. వాళ్లు తప్పును తప్పని అనేసి, పది నిమిషాలకు అదే బల్ల దగ్గర కాఫీ తాగుతారు. ఆ రోజు నాకు కాఫీ గొంతు దిగలేదు. మావైపు తప్పు చెప్పరని కాదు, చెప్పే దారి వేరని వాదించాలనిపించింది. వాళ్ల భాషలో అది చెప్పలేకపోయాను.

మొన్న మా పంచలో విత్తనానికి వేరుశనగ గింజలు ఏరుతున్నారు. తాతకు చూపు ఆనడం లేదు, ముడుచుకున్న గింజలు కూడా మంచి కుప్పలోకే వేస్తున్నారు. అమ్మ ఏమీ అనలేదు. రెండు గింజలు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "మామా, ఇవి ఎటు వేయమంటారు?" తాత బొటనవేలితో తడిమి అవతల పారేశారు. కుప్పంతా తానే మళ్లీ తిరగవేశారు.

ఇదిగో నా జవాబు అనుకున్నాను. సాయంత్రమంతా ఎంత తేలికగా ఉందో! రాత్రి మిద్దె మీద పడుకున్నాక తట్టింది. అమ్మ చేతిలో పెట్టింది. నేను ఆ విల్లు చిత్రాన్ని ఆయన బల్ల మీదైనా పెట్టలేదు, రెండు నెలలు.

ఆ ముప్పైని ఎప్పుడో తీసివేశారు. ఇంకో మూలం పక్కన ఏడు ఉన్నాయి, అవి ఏమిటో నాకూ తేలడం లేదు. నిన్న టవర్ క్లాక్ దగ్గర వాటి చిత్రాలు అచ్చు తీయించి పెట్టెలో బట్టల మీద పెట్టుకున్నాను. సోమవారం ప్రయాణం.