ఒక్కసారిగా వెలుగు పడకూడదట

చుట్టూ సూదుల్లాంటి ఆకులుండే డగ్లస్ ఫర్ చెట్లు, మధ్యలో నలిగిపోయిన ముసలి ఓక్ చెట్టు. కింది కొమ్మలన్నీ ఎండిపోయాయి, కొసన మాత్రం గుప్పెడు ఆకులు. ఇంగ్లండ్‌లోని డెవన్‌లో, ఫింగిల్ వుడ్స్ అనే అడవిలో ఈ రోజు చూశాను.

ఓక్‌ను కాపాడాలంటే ఆ ఫర్‌లన్నీ ఒకేసారి నరికేయవచ్చు కదా అనిపించింది. కూడదట! ఇన్నేళ్లు నీడలో ఉన్న నేలకు హఠాత్తుగా ఎండ తగిలితే ముళ్లపొదలు కమ్మేస్తాయి, ఓక్ కూడా తట్టుకోలేదు. అందుకే విడతలవారీగా పలచన చేస్తారు.

గత శతాబ్దంలో కలప కోసం పాత అడవిలో ఈ ఫర్‌లను నాటారు. 2013లో నేషనల్ ట్రస్ట్, వుడ్‌ల్యాండ్ ట్రస్ట్ అనే పరిరక్షణ సంస్థలు కలిసి ఈ అడవిని కొన్నాయి.

మొక్క పట్టుకుని ఫొటో దిగే మనకు ఇది కొంచెం కష్టమే. ఇక్కడ అడవిని కాపాడే మనిషి చేతిలో రంపం ఉంటుంది. నరికిన ఫర్ కలప అమ్మకానికే పోతుంది, నాటినవాళ్లు కోరిందీ అదే.