నిలబడటం నడక కాదని తెలుసుకోవడానికి నాకు పట్టిన రెండేళ్లు

పాతికేళ్లకు పైగా నేను విజయవాడలో ఉన్నత పాఠశాల పిల్లలకు జీవశాస్త్రం బోధిస్తున్నాను. రోజుకు ఐదారు పీరియడ్లు నిలబడే పాఠం చెప్పి, ఇంటికి వచ్చాక వంటగదిలో మళ్లీ నిలబడే మనిషిని కనుక, నా ఒంటికి కావలసినంత శ్రమ అందుతూనే ఉందని నమ్మేదాన్ని. సాయంత్రానికి చీలమండలు వాచి, చెప్పుల పట్టీల అచ్చులు పాదాల మీద పడుతున్నా, అది వయసుతో వచ్చే మార్పేనని సరిపెట్టుకున్నాను. 2023 జూన్‌లో బడులు తెరిచిన వారంలో, దాహం మరీ ఎక్కువగా ఉంటోందని రక్తపరీక్ష చేయించుకుంటే, రక్తంలో చక్కెర పరగడుపున 148, భోజనమైన రెండు గంటలకు 236, మూడు నెలల సరాసరి తెలిపే హెచ్‌బీఏ1సీ 7.6 వచ్చాయి. ఈ చివరి అంకె 6.5కు చేరిందంటే మధుమేహమనే లెక్క.

డాక్టరు గారు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి మెట్‌ఫార్మిన్ మాత్రలు రాసి, "రోజుకు ఎంతసేపు నడుస్తారమ్మా?" అని అడిగారు. "రోజంతా కాళ్ల మీదే ఉంటానండీ" అన్నాను. "నేను అడిగింది నడక గురించి" అన్నారాయన, చాలా నెమ్మదిగా.

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. ఎందుకంటే ఆ తేడా నేను ఏటా పిల్లలకు చెప్పే పాఠంలోనే ఉంది. కాళ్లలోకి దిగిన రక్తం భూమ్యాకర్షణకు ఎదురెక్కి గుండెకు చేరాలంటే, సిరల్లో ఒకవైపుకే తెరుచుకునే కవాటాలు ఉండాలి, ఆ సిరలను పిండే పిక్క కండరాలు కదులుతూ ఉండాలి. అడుగు వేసిన ప్రతిసారీ పిక్క బిగుసుకుని రక్తాన్ని పైకి తోస్తుంది, అందుకే దానిని రెండో గుండె అంటారు. కదలకుండా నిలబడినప్పుడు ఇలా పైకి తోయడం దాదాపు ఆగిపోతుంది. సిరల్లో ఒత్తిడి పెరిగి, రక్తంలోని నీరు చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరి వాపు వస్తుంది. ఈ బొమ్మను నల్లబల్ల మీద గీస్తూ గీస్తూనే నా పాదాలు వాచిపోయేవన్నమాట.

తెలిసింది కదా అని జులైలో ఒక్కసారిగా మొదలుపెట్టాను. మా పక్కింటి వదినగారు బందరు రోడ్డులోని ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియానికి వెళుతుంటే ఆవిడ వెంట స్కూటీ మీద వెళ్లి, ఇంట్లో వేసుకునే పలచటి చెప్పులతోనే, ఫోను పదివేల అడుగులు చూపించేవరకు తిరిగేదాన్ని. పన్నెండో రోజు తెల్లవారి మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్లు అనిపించి గోడ పట్టుకున్నాను. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద సాగే దళసరి పొర, అలవాటు లేని భారం ఒక్కసారిగా పడటం వల్ల దెబ్బతిన్నదని ఎముకల డాక్టరు గారు చెప్పారు. గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయడం, చల్లటి నీళ్ల సీసాను అరికాలి కింద దొర్లించడం, విశ్రాంతి, వీటితోనే రెండు నెలలకు పైగా గడిచిపోయింది. ఆ రోజుల్లోనే మా బంధువు ఒకావిడ వట్టి కాళ్లతో గులకరాళ్ల మీద నడిస్తే షుగర్ దిగిపోతుందని చెప్పింది. షుగర్ వల్ల పాదాల స్పర్శ తగ్గే అవకాశం ఉంటుందని, చిన్న గాయం తెలియకుండానే పెద్ద పుండు కావచ్చని డాక్టరు గారు దానిని గట్టిగా వద్దన్నారు. ఈ హెచ్చరిక నాలాంటి వాళ్లందరికీ చేరాలని నేను మనసారా కోరుకుంటాను.

కాలు చాపుకుని కూర్చున్న ఆ ఖాళీలో, పదివేల అడుగులనే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో వెతికి చదివాను. 1965లో జపాన్‌లో నడుముకు తగిలించుకునే అడుగుల కొలమానం ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరు మాన్‌పో-కే, అంటే పదివేల అడుగుల మీటరు. ఏ వైద్యపరిశోధనా తేల్చిన హద్దు కాదది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే లెక్క వేరు: వారానికి 150 నుంచి 300 నిమిషాలు, ఓ మోస్తరు వేగంతో. ఆ వేగానికి కొలత కూడా తేలికే. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడబోతే ఊపిరి చాలకూడదు. ఇది ముందే తెలిసి ఉంటే నా మడమ బాగుండేదని ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

దసరా రద్దీ తగ్గాక, అక్టోబరు చివర్లో, బీసెంట్ రోడ్డుకు సాయంత్రం పూట వెళ్లి బూట్లు కొన్నాను. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం వేళ కొంటేనే కొలత సరిగ్గా కుదురుతుంది. ఈసారి స్టేడియం వైపు పోలేదు. భోజనమయ్యాక పది నిమిషాలు నడవడం అన్నంతవరకే పెట్టుకున్నాను. ఇంట్లో గ్లూకోమీటరు ఉంది కనుక నా మీద నేనే ఒక చిన్న పరీక్ష కూడా చేసుకున్నాను. రెండు ఆదివారాలు ఒకే గిన్నెతో కొలిచిన అన్నం, పప్పు, దొండకాయ వేపుడు, మజ్జిగ తిన్నాను. మొదటి ఆదివారం తిన్నాక కూర్చున్నాను, రెండు గంటలకు 214 వచ్చింది. రెండో ఆదివారం తిన్న వెంటనే పదిహేను నిమిషాలు వీధిలో నడిచాను, 171 వచ్చింది. ఒక్క మనిషి మీద ఒక్కసారి చేసినది రుజువు కాదని నాకు తెలుసు. అయినా దాని వెనక ఉన్న కారణం గట్టిదే. కండరం పనిచేస్తున్నప్పుడు, ఇన్సులిన్ పిలుపు కోసం ఎదురుచూడకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. ఇన్సులిన్ మాట కణాలు సరిగ్గా వినని జబ్బులో, ఇలాంటి దొడ్డిదారి ఒకటి ఉండటం ఎంత పెద్ద ఊరటో మాటల్లో చెప్పలేను.

బడిలో మధ్యాహ్న భోజనం తర్వాత వరండా ఈ చివర నుంచి ఆ చివరకు తిరగడం మొదలుపెట్టాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, "మేడం, ఎవరి కోసమైనా చూస్తున్నారా?" అని అడిగింది. ఆ మరునాడే రక్తప్రసరణ పాఠం ఉంటే, పిల్లలందరినీ నిలబెట్టి ఇరవైసార్లు మడమలు ఎత్తి దించమన్నాను. పిక్క మీద చెయ్యి వేసి, అది బిగుసుకుని వదులు కావడాన్ని వాళ్లే తెలుసుకున్నారు. ఆ పాఠాన్ని అంత బాగా నేను ఎప్పుడూ చెప్పలేదు.

మావారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. రాత్రి భోజనం తర్వాత నడకకు రమ్మంటే మొదట్లో వచ్చేవారు కాదు. లండన్ బస్సుల మీద జెర్రీ మోరిస్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి చేసిన పరిశోధన గురించి ఒకరోజు ఆయనకు చెప్పాను. 1953లో వెలువడిన ఆ పరిశోధనలో, రోజంతా సీటులో కూర్చునే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు ఇచ్చే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చిందని తేలింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తనతో కలిసి పనిచేసి, గుండెపోటుతో పోయిన ఇద్దరు డ్రైవర్ల గురించి చెప్పి, మరునాటి రాత్రి నుంచి నాకంటే ముందే గుమ్మం దిగడం మొదలుపెట్టారు.

2024 జనవరిలో నా హెచ్‌బీఏ1సీ 6.9కి దిగింది. ఫిబ్రవరిలో మా అమ్మ పోయింది.

ఆ తర్వాత నాకు నిద్ర తెగిపోయింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, ఆసుపత్రిలో అమ్మ అడిగినవి, నేను చేయలేకపోయినవి ఒకదాని వెంట ఒకటి గుర్తుకొచ్చేవి. పడుకుని ఉన్నంతసేపూ అవే తిరిగి తిరిగి వచ్చేవి. అయిదున్నరకు లేచి, ఒకప్పుడు రైలు పట్టాలు ఉన్నచోట వేసిన మా సత్యనారాయణపురం బీఆర్‌టీఎస్ రోడ్డు మీద నడవడం మొదలుపెట్టాక దుఃఖం పోలేదు కానీ, ఆలోచన ఒకచోటే సుడి తిరగడం తగ్గింది. పాలపాకెట్ల వాళ్లు, ముగ్గులు వేస్తున్న ఆడవాళ్లు, టీ బండి దగ్గరి పొగ, వీటిని చూస్తూ ముందుకు పోతుంటే మనసుకు కూడా ఊపిరి అందేది. ఉదయపు వెలుతురు కంట్లో పడటం వల్ల ఒంటిలోని గడియారం సర్దుకుని, రాత్రి నిద్ర సకాలంలో వస్తుంది. నెల తిరిగేసరికి నాకు ఐదింటిదాకా నిద్ర పట్టసాగింది. జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం మీద 2011లో వెలువడిన అధ్యయనం గురించి ఆ రోజుల్లోనే చదివాను. 120 మంది వయోవృద్ధులలో, ఏడాదిపాటు వారానికి మూడు రోజులు నలభై నిమిషాల వరకు నడిచినవారికి ఆ భాగం దాదాపు 2 శాతం పెరిగిందని, కేవలం ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవారిలో అది కాస్త కుంచించుకుపోయిందని అందులో ఉంది.

అమ్మ పోయాక నాకూ మా తమ్ముడికీ మాటలు కరువయ్యాయి. ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరికీ గొంతు పెగిలేది కాదు. ఒక ఆదివారం సాయంత్రం వాడిని ప్రకాశం బ్యారేజీకి తీసుకువెళ్లాను. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. ఈ ఒడ్డు నుంచి సీతానగరం వైపుకు వెళ్లి తిరిగివస్తే నా నడకకు దాదాపు 3,600 అడుగులు అవుతుంది. పక్కపక్కనే నడుస్తూ, ఒకరి ముఖం ఒకరు చూడనక్కర లేకుండా నీళ్ల వైపు చూస్తున్నప్పుడు, "అక్కా, ఆ చివరి రోజు నేను రాలేకపోయాను" అని వాడే మొదలుపెట్టాడు. అప్పటి నుంచి వీలైన ఆదివారాలు అక్కడే కలుస్తున్నాం.

నడక ఆగిన రోజులూ ఉన్నాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లి రోజంతా బల్ల ముందు కూర్చుని పేపర్లు దిద్దితే, వారం తిరిగేసరికి పరగడుపు షుగర్ మళ్లీ 140 దాటింది. రోహిణి కార్తెలో తెల్లవారి ఆరింటికే ఉక్క భరించలేక, వరండాలోనే తిరిగాను. సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, అక్కడి బంధువులు మా ఇంట్లో తలదాచుకున్న ఆ రోజుల్లో నడక మాటే ఎవరికీ గుర్తులేదు. ఇలా తప్పిపోయిన ప్రతిసారీ పది నిమిషాల నుంచే మళ్లీ మొదలుపెట్టాను.

2025 మార్చిలో హెచ్‌బీఏ1సీ 6.3 వచ్చాక, రెండు మాత్రల్లో ఒకదానిని డాక్టరు గారే తగ్గించారు. చీలమండల వాపు సాయంత్రం పూట ఇంకా కొద్దిగా ఉంది. ఆ ఏప్రిల్‌లో మళ్లీ స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లినప్పుడు, మధ్యాహ్నం క్యారేజీ కడిగి సంచిలో పెట్టి వరండాలోకి నడిచాను. మూడో రోజుకి ఇంకో ముగ్గురు టీచర్లు నాతో కలిశారు.