తక్కువ ఖర్చులో వింగ్ ఫాయిలింగ్: హైడ్రోఫాయిల్ కొనేటప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

చేతిలో గాలి నింపిన వింగ్ పట్టుకుని, అడుగున హైడ్రోఫాయిల్ (నీటిలో మునిగి ఉండి బోర్డును పైకి లేపే రెక్కల అమరిక, క్లుప్తంగా ఫాయిల్) బిగించిన బోర్డు మీద నిలబడి సాగే ఆట వింగ్ ఫాయిలింగ్. దాని సామగ్రి ధరలు చూసి ఆ ఆలోచనే మానుకున్నవారు నాకు తెలిసినవారిలోనే చాలామంది ఉన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగువారు వేసవి సాయంత్రాల్లో ఫాస్టర్ సిటీ ఒడ్డునో, అలమేడా క్రౌన్ బీచ్‌లోనో నడుస్తూ, నీటికి రెండడుగుల ఎత్తున చప్పుడు లేకుండా సాగిపోయేవారిని చూసి ముచ్చటపడతారు. తీరా దుకాణానికి వెళితే ఒక్క కార్బన్ ఫాయిల్ సెట్టే 2,000 డాలర్లు దాటుతుంది. ఆ ధర ఆటలో ఆరితేరినవారి కోసం పెట్టినదని, నేర్చుకునేవారికి అందులో సగంలోపే సరైన ఫాయిల్ దొరుకుతుందని నా గట్టి నమ్మకం. అయితే చౌకగా దొరికిందల్లా కొంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది కనుక, దేనికి ఎంత విలువ ఇవ్వాలో ముందే తెలిసి ఉండాలి.

చేతితో పట్టుకునే, గాలి నింపిన వింగ్‌లు 2019 ప్రాంతంలో డ్యుయోటోన్, నైష్, స్లింగ్‌షాట్ వంటి సంస్థల నుంచి వరుసగా బజారులోకి వచ్చాయి. అప్పటి నుంచి ఏటా కొత్త నమూనాలు వస్తూ ఉండడం వల్ల, పాతవాటిని అమ్మేసి కొత్తవి కొనుక్కునేవారు ఎక్కువయ్యారు. ఫాయిల్‌కు నీటి కింద ఉండే రెక్కల్లో నేర్చుకునేవారికి కావలసిన పెద్దవి, ఆట వచ్చినవారికి త్వరగానే అక్కరలేకుండా పోతాయి. అందుకే సెకండ్ హ్యాండ్‌లో మిగతా పరిమాణాలకంటే అవే సులువుగా దొరుకుతాయి. మనకు కలిసివచ్చే విషయం ఇదే.

హైడ్రోఫాయిల్‌లో నాలుగు ప్రధాన భాగాలు ఉంటాయి. బోర్డు నుంచి కిందికి దిగే నిలువు మాస్ట్, దాని చివర అడ్డంగా బిగించే ఫ్యూజలాజ్, ఫ్యూజలాజ్‌కు ముందుండే పెద్ద రెక్క, వెనకుండి నిలకడనిచ్చే చిన్న రెక్క, అంటే స్టెబిలైజర్. వీటిలో ఆటను మొదటి రోజు నుంచే మార్చేది ముందు రెక్క. రెక్క ఎత్తే బలం దాని వైశాల్యానికి, వేగం వర్గానికి అనులోమంగా ఉంటుంది. అంటే వైశాల్యాన్ని సగం చేస్తే, అదే మనిషిని పైకి లేపడానికి వేగం సుమారు 1.4 రెట్లు కావాలి. బోర్డు మీద నిలబడడమే కష్టంగా ఉన్న దశలో ఆ అదనపు వేగం ఎక్కడి నుంచి వస్తుంది? అందువల్ల 70 నుంచి 85 కిలోల బరువున్నవారు 1,700 నుంచి 2,000 చదరపు సెంటీమీటర్ల రెక్కతో మొదలుపెట్టడం మంచిది. అంతకంటే తేలికగా ఉన్నవారికి 1,500 సరిపోతుంది.

వైశాల్యంతోపాటు రెక్క ఆకారాన్ని కూడా చూడాలి. రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి ఉన్న పొడవును వర్గం చేసి వైశాల్యంతో భాగిస్తే వచ్చే సంఖ్యను ఆస్పెక్ట్ రేషియో అంటారు. 95 సెంటీమీటర్ల పొడవు, 1,800 వైశాల్యం ఉన్న రెక్కకు అది 5 వస్తుంది. 110 సెంటీమీటర్ల పొడవు, 1,200 వైశాల్యం ఉంటే 10 దాటుతుంది. రెండవది సన్నగా, పొడవుగా ఉండి ఎక్కువ దూరం జారుతుంది, గాలికి ఎదురుగా కూడా బాగా సాగుతుంది, కాని పైకి లేవడానికి వేగం కోరుతుంది, వేగం తగ్గితే ఒక్కసారిగా కిందికి దించేస్తుంది. ప్రకటనలన్నీ ఈ సన్నని రెక్కల చుట్టూనే తిరుగుతున్నాయి. కొత్తవారు 5 నుంచి 7 మధ్య ఉన్న మధ్యరకం రెక్కను తీసుకుంటే, అది తక్కువ వేగంలో లేపుతుంది, పాదం కొంచెం అటూ ఇటూ అయినా మన్నిస్తుంది, ధర కూడా తక్కువే.

ఇక మాస్ట్. నా లెక్కలో డబ్బు ఆలోచించి పెట్టవలసిన చోటు ఇది. కార్బన్ మాస్ట్ తేలిక. అల్యూమినియం దానికంటే ఒక కిలో దాకా బరువు ఎక్కువ ఉండవచ్చు. ఆ బరువు పార్కింగ్ నుంచి నీళ్ల దాకా మోసుకువెళ్లేటప్పుడు తెలుస్తుంది తప్ప, నేర్చుకునే వేగంలో దాని ప్రభావం తక్కువ. ప్రభావం చూపేది మాస్ట్ వంగకుండా, మెలిదిరగకుండా నిలబడే గుణం. చివర పడే బలం ఒకటే అయినప్పుడు, మాస్ట్ వంగడం దాని పొడవు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. ఒకే రకం మాస్ట్‌లో 75 సెంటీమీటర్లకు బదులు 90 తీసుకుంటే వంగడం సుమారు 1.7 రెట్లు అవుతుంది. పెద్ద రెక్క కింద సన్నని పొడవాటి అల్యూమినియం మాస్ట్ ఉంటే, పాదంతో ఒత్తిన ఒత్తిడి రెక్కకు ఆలస్యంగా చేరుతుంది, దాంతో బోర్డు ఊగిసలాడుతుంది. ఆ ఊపు తమ నేర్పులోని లోపమనుకుని నిరుత్సాహపడేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. మందమైన అల్యూమినియం, 70 నుంచి 80 సెంటీమీటర్ల పొడవు, ఈ రెండూ కలిస్తే ఆ ఇబ్బంది చాలావరకు తీరిపోతుంది. న్యూజిలాండ్ సంస్థ యాక్సిస్ 19 మిల్లీమీటర్ల మందంగల అల్యూమినియం మాస్ట్‌లతోనే మంచి పేరు తెచ్చుకుంది.

మా తీరాల్లో పొట్టి మాస్ట్‌కు ఇంకొక ప్రయోజనం కూడా ఉంది. క్రౌన్ బీచ్‌లో నీటి లోతు చాలా దూరం వరకు తక్కువ. పోటు తగ్గితే బురద నేల బయటపడుతుంది. మాస్ట్, ఫ్యూజలాజ్, రెక్క కలిపి బోర్డు కింద మీటరు దాకా లోతు కావాలి కనుక, 90 సెంటీమీటర్ల మాస్ట్‌తో వెళ్లినవారు పోటు వేళల పట్టిక చూడకుండా దిగితే రెక్క నేలకు తగిలి, ఆ వేగానికి మనిషి ముందుకు ఎగిరిపడతాడు.

ఇప్పుడు అసలు ఖర్చు ఎక్కడ దాగి ఉందో చెప్పాలి. ఒక సంస్థ రెక్క మరొక సంస్థ ఫ్యూజలాజ్‌కు బిగియదు. ఒకే సంస్థలో కూడా కొత్త తరం భాగాలు పాతవాటికి సరిపోకపోవడం మామూలే. మాస్ట్‌ను బోర్డుకు బిగించే పళ్లెం, బోర్డు అడుగున 90 మిల్లీమీటర్ల దూరంలో ఉండే రెండు ట్రాకులు (గాడులు) మాత్రమే దాదాపు అందరికీ ఉమ్మడి. కాబట్టి మాస్ట్ కొన్నప్పుడే రాబోయే రెండేళ్ల రెక్కలను కూడా పరోక్షంగా ఎంచుకుంటున్నాం. మన ఊరి సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో ఏ సంస్థ రెక్కలు ఎక్కువగా కనిపిస్తున్నాయో కొన్ని వారాలు గమనించి, అదే సంస్థ మాస్ట్ కొనడం ఉత్తమమని నా సలహా. ఫ్రాన్స్‌కు చెందిన గాంగ్ మధ్యలో దుకాణాలు లేకుండా నేరుగా అమ్మడం వల్ల దాని ధరలు తక్కువగా ఉంటాయి, నాణ్యత కూడా బాగుంటుంది. అయితే అమెరికాకు తెప్పించుకునేవారు రవాణా, సుంకం కలిపి చూసుకోవాలి. చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేని సంస్థ ఫాయిల్ సగం ధరకు వచ్చినా నేను వద్దనే చెబుతాను, ఎందుకంటే తరువాతి రెక్క కావలసి వచ్చినప్పుడు మొత్తం మార్చవలసి వస్తుంది.

వాడిన ఫాయిల్‌ను చూడడానికి తొందర పనికిరాదు. పూర్తిగా బిగించిన ఫాయిల్‌ను గడ్డి మీద తలకిందులుగా పెట్టి, పళ్లేన్ని ఒకరు మోకాళ్లతో అదిమి పట్టుకోగా, మరొకరు ముందు రెక్క కొనను రెండు వేళ్లతో మెల్లగా పైకీ కిందికీ ఊపాలి. మాస్ట్ మొత్తం కొంచెం వంగడం సహజం. కాని ఫ్యూజలాజ్ కలిసే చోట టక్కుమని చిన్న శబ్దం వచ్చినా, వేలు ఆనించినప్పుడు కదలిక తెలిసినా, ఆ అతుకు అరిగిపోయిందని అర్థం. ఆ తరువాత ప్రతి స్క్రూనూ విప్పి చూపించమని అడగాలి. అమ్మేవారు మొహమాటపడినా ఇది వదలకూడదు. ఉప్పునీటిలో స్టీలు స్క్రూ, అల్యూమినియం ఒకదానినొకటి తాకి ఉన్నప్పుడు అల్యూమినియం తుప్పు పడుతుంది. కార్బన్ తాకినా అంతే. స్క్రూ రంధ్రం అంచున తెల్లని పొడి పేరుకుని ఉంటే, రంధ్రం లోపలి మర గాడులు ఇప్పటికే తినివేయబడి ఉండవచ్చు. స్క్రూ తల లోపలి నక్షత్రపు గాడి గుండ్రంగా అరిగి ఉంటే, దాన్ని ఎవరో బలవంతంగా విప్పారన్నమాట. రెక్క ముందు అంచున చిన్న గీతలను ఇసుక కాగితంతో సరిచేయవచ్చు. మాస్ట్ బిగించే చోట పగులు కనిపిస్తే మాత్రం ఎంత చౌకైనా తీసుకోకూడదు.

బోర్డు విషయం ఇంత సున్నితం కాదు. శరీర బరువు కిలోలకు 30 నుంచి 40 కలిపితే ఎన్ని లీటర్లు వస్తాయో ఆ పరిమాణంలో, కాస్త వెడల్పుగా ఉన్న బోర్డు చాలు. గీతలు, రంగు పోవడం పట్టించుకోనక్కరలేదు. ట్రాకుల చుట్టూ పగుళ్లు లేకుండా, లోపలికి నీళ్లు దిగి బరువెక్కకుండా ఉంటే సరిపోతుంది. చేతి వింగ్‌ను గాలి నింపి గంటసేపు పక్కన పెడితే లీకు ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. వేసవిలో సెంట్రల్ వ్యాలీ వేడెక్కి సముద్రపు చల్లగాలిని గోల్డెన్ గేట్ గుండా లాక్కోవడం వల్ల ఇక్కడ మధ్యాహ్నాలు 15 నుంచి 25 నాట్ల గాలి వీస్తుంది. 75 కిలోల మనిషికి 5 చదరపు మీటర్ల వింగ్ ఒక్కటి ఉంటే ఆ గాలిలో ఎక్కువ రోజులు గడుస్తాయి.

హెల్మెట్, దెబ్బల నుంచి ఒంటిని కాపాడే ఇంపాక్ట్ వెస్ట్, బోర్డునూ వింగ్‌నూ ఒంటికి కట్టి ఉంచే లీష్‌లు, చల్లని నీటికి తగిన వెట్‌సూట్, వీటి దగ్గర పొదుపు చేయమని నేను ఎవరికీ చెప్పను. పడినప్పుడు తలకు తగిలేది ఆ రెక్క అంచే. మొదటి ఒకటి రెండు పాఠాలకు కూడా బడ్జెట్‌లో చోటు ఉంచాలి. శిక్షకుల దగ్గర వేర్వేరు రెక్కలు వాడి చూసే అవకాశం దొరుకుతుంది, అది కొనుగోలుకు నేరుగా ఉపయోగపడుతుంది. ఇండియాలో నేర్చుకోవాలనుకునే మనవారికి రామేశ్వరం వైపు ఇలాంటి గాలి ఆటే అయిన కైట్ సర్ఫింగ్ నేర్పే చోట్లు ఉన్నాయి, వింగ్ ఫాయిలింగ్ కూడా నేర్పుతారో లేదో ముందే కనుక్కోవాలి. అటు వెళ్లేటప్పుడు ఫాయిల్‌ను విడదీసి సంచిలో సర్దుకోవచ్చు కాని, స్క్రూలు, వాటి నక్షత్రపు గాడికి సరిపోయే టార్క్స్ కీ అక్కడ దొరుకుతాయని అనుకోకుండా ఒక సెట్ అదనంగా పట్టుకెళ్లాలి.

కొన్న తరువాత ప్రతిసారీ మంచినీటితో కడిగి, స్క్రూలకు తుప్పును అడ్డుకునే టెఫ్‌జెల్ వంటి పూత రాసి, కొన్ని రోజులు వాడకపోతే అన్నీ విప్పి పెట్టాలి. అల్యూమినియం మాస్ట్ ఎన్నాళ్లు మన్నుతుందో చాలావరకు దీన్నిబట్టే ఉంటుంది. తరువాత చిన్న రెక్కకు మారేటప్పుడు మీ పాత సెట్ కొనడానికి వచ్చేవారు కూడా మొదట విప్పి చూసేది ఆ స్క్రూలనే.