పనికి వెళ్లే దారిలో ప్రమాదానికీ పరిహారం

కొన్నేళ్ల క్రితం, తెల్లవారకముందే రొయ్యల షెడ్డుకు కూలీలను తీసుకెళ్తున్న ఆటో కోనసీమలో కాలువ గట్టు మీద బోల్తాపడి మా పిన్ని కుడిచెయ్యి విరిగితే, ప్రమాదం గేటు బయట జరిగింది కనుక తమకు సంబంధం లేదని యాజమాన్యం తేల్చేసింది. రొయ్య తల ఒలవడానికి ఆమె వేళ్లు ఇప్పటికీ సరిగా వంగవు.

1923 నాటి పరిహార చట్టంలో దారి ప్రమాదాల గురించి స్పష్టంగా లేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి మాత్రం, ఇంటికీ పనిచోటుకూ మధ్య జరిగిన ప్రమాదానికి ఉద్యోగంతో సంబంధం ఉందని తేలితే, దాన్ని పనిలో జరిగినట్టే పరిగణిస్తుంది. ఇది నిజంగా గొప్ప మార్పు. అయితే హాజరు పుస్తకంలో పేరే లేకుండా, మేస్త్రీ చేతి నుంచి కూలి అందుకునే ఆడవాళ్లు ఆ సంబంధాన్ని ఎలా రుజువు చేసుకోగలరు? కార్మిక శాఖ అధికారులు ముందుగా ఆ పుస్తకాలనే తనిఖీ చేయాలి.