పోక్సో ట్రైనింగ్‌కి వెళ్లొచ్చాక

ఇవాళ స్కూలుకి వెళ్లలేదు. మండల కేంద్రంలో టీచర్లకి, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం మీద ట్రైనింగ్ పెట్టారు. పొద్దున్నంతా చట్టమే. 2012లో వచ్చింది, 18 ఏళ్లలోపు ఆడపిల్లలకీ మగపిల్లలకీ వర్తిస్తుంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరుగుతుందేమోనన్న భయం ఉన్నా పోలీసులకి చెప్పి తీరాలని సెక్షన్ 19. చెప్పకపోతే 6 నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ పెద్ద చెప్పకపోతే ఏడాది దాకా.

"రుజువు లేకుండా ఎలా చెప్తాం మేడమ్? రేపు కాదని తేలితే?" అని వెనక నుంచి ఒక మాస్టారు అడిగారు. రుజువులు వెతకడం పోలీసుల పని, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదని చట్టంలోనే ఉంది అన్నారు లాయరు మేడమ్. ఈ ముక్క ప్రతి స్టాఫ్‌రూములో గోడ మీద రాయించాలి. "ఆడపిల్ల విషయం, ఊళ్లో పరువు పోతుంది" అంటూ పెద్దవాళ్లు నాన్చే ప్రతి రోజూ ఆ చేసినవాడికే కలిసొస్తుంది.

మధ్యాహ్నం, పిల్ల వచ్చి చెప్తే ఎలా మాట్లాడాలో నటించి చూడమన్నారు. ఒక టీచరమ్మ ఏడో తరగతి పిల్లలా కూర్చుంది. "మామయ్య వస్తే నాకు ఇంట్లో ఉండబుద్ధి కాదు టీచర్" అంది. ఎదురుగా ఉన్నావిడ గబగబా "ఏం చేశాడు? ఎప్పుడు? ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగేసింది. నటనే అయినా ఆ టీచరమ్మ తల వంచేసి పమిట అంచు నలుపుతూ ఉండిపోయింది. మేడమ్ అక్కడే ఆపారు. ఆ చివరి ప్రశ్న వింటే పిల్ల తప్పంతా తనదే అనుకుంటుంది. "చెప్పి మంచి పని చేశావమ్మా" అనాలి. తన మాటలే ఉన్నదున్నట్టు రాసుకోవాలి. ఎవరికీ చెప్పనని మాటివ్వకూడదు, పదిమంది ముందు మళ్లీ మళ్లీ చెప్పించకూడదు.

గమనించాల్సినవీ చెప్పారు. బాగా చదివే పిల్ల ఉన్నట్టుండి వెనకబడటం, లాంగ్ బెల్ కొట్టినా ఇంటికి కదలకపోవడం, ఒక మనిషి పేరెత్తగానే బిగుసుకుపోవడం. వీటిని బట్టి తీర్పు చెప్పేయలేం, కానీ పక్కన కూర్చోబెట్టుకుని పలకరించడానికి చాలు.

తల్లిదండ్రులకి స్టేషన్ అంటేనే టెన్షన్. పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చని, వచ్చే అధికారి యూనిఫాంలో ఉండకూడదని, రాత్రిపూట పిల్లని స్టేషన్‌లో ఉంచకూడదని వాళ్లకి ముందే చెప్పేవాళ్లుండాలి.

నాకు వెలితిగా అనిపించింది ఒకటే, టీచర్లని మాత్రమే పిలిచారు. మధ్యాహ్న భోజనం వండే అక్కలతో పిల్లలు మాకన్నా ఎక్కువ కబుర్లు చెప్తారు. వాళ్లకీ తెలియాలి. రేపు హెచ్‌ఎం సార్‌ని అడిగి, ఈ శనివారమే వాళ్లని కూర్చోబెట్టి పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు దగ్గర్నుంచి అన్నీ చెప్తాను.