కిటికీ సీటు సెల్లోది

మాది స్ట్రింగ్ క్వార్టెట్, అంటే రెండు వయోలిన్లు, ఒక వయోలా, ఒక సెల్లో. మనుషులం నలుగురమే, విమానం టికెట్లు మాత్రం ఐదు కొంటాం. ఐదోది నా సెల్లోకి, అంటే కూర్చుని నేలకి ఆనించి వాయించే పెద్ద వయోలిన్ లాంటి వాయిద్యానికి. కచేరీ డబ్బులు నాలుగు వాటాలు వేసుకునే ముందే ఉమ్మడి ఖాతాలోంచి దాని టికెట్ డబ్బులు పోతాయి. వయోలా, అంటే వయోలిన్ కంటే కాస్త పెద్దది, అది వాయించే అతను ప్రతి టూర్‌లో ఒక్కసారైనా ఆ సంగతి ఎత్తకుండా ఉండడు. పైగా ఎవరి దారికీ అడ్డం రాకూడదని కిటికీ సీటు దానికే ఇస్తారు.

మొన్న చలికాలంలో ఐదు రోజుల్లో నాలుగు ఊళ్లు, నాలుగు కచేరీలు. మొదటి రోజే కౌంటర్ దగ్గర సెల్లో పాస్‌పోర్ట్ అడిగారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోపల బెల్ట్ చాలకపోతే ఇంకో ముక్క తెచ్చి కలిపి కట్టారు.

అన్ని ఊళ్లు తిరుగుతావు కదా, ఏం చూశావు అని అడుగుతుంటారు. స్టేషన్, హోటల్ గది, హాలు వెనక తలుపు. మూడో రోజు తెల్లవారుజామున రైలెక్కాం. మధ్యలో ఇంకో రైలు మారడానికి ఏడు నిమిషాలే టైం, లిఫ్ట్ పనిచేయలేదు, వీపు మీద సెల్లో, చేతిలో పెట్టె, మెట్లన్నీ పరుగే. ఎక్కాక నలుగురం నాలుగు చోట్ల కూర్చున్నాం. కోపాలేం లేవు. రోజంతా ఒకరి మొహం ఒకరు చూస్తూ వాయించే వాళ్లకి ఆ రెండు గంటలు చాలా అవసరం.

ఆ సాయంత్రం బీథోవెన్ ఓపస్ 131 వాయించాలి. మాలాంటి నలుగురి కోసం ఆయన 1826లో పూర్తి చేసిన రచన అది. ఏడు భాగాలు, దాదాపు 40 నిమిషాలు, భాగానికీ భాగానికీ మధ్య ఆపడం ఉండదు. మామూలుగా అయితే ఒక భాగం అవగానే శ్రుతి సరిచూసుకుంటాం, చెమట తుడుచుకుంటాం, ఆపుకున్న దగ్గులన్నీ జనం అప్పుడే దగ్గేస్తారు. ఇందులో ఆ వీలే లేదు.

కచేరీకి రెండు గంటల ముందు హాల్లోకి వదిలారు. ఖాళీ హాల్లో మోత ఎక్కువ, జనం నిండాక వాళ్ల కోట్లూ స్వెటర్లూ సగం ధ్వనిని మింగేస్తాయి కాబట్టి రిహార్సల్‌లో విన్నది పూర్తిగా నమ్మకూడదు. ముందు నిలబడి చేతులూపి నడిపించే కండక్టర్ ఉండడు కదా, మొదటి వయోలిన్ ఆవిడ ముక్కుతో పీల్చే గాలే మాకు సైగ, ఆ గాలి ఎంత ముందు పీల్చాలన్న దాని మీదే అరగంట వాదించుకున్నాం. స్టేజి నున్నగా ఉండి సెల్లో కింది ములుకు జారుతుంటే దాన్ని ఆపే పట్టీ తెచ్చి నా కుర్చీ కాలికి తగిలించుకున్నాను.

ఇన్ని చూసుకుని హీటర్ సంగతి మర్చిపోయాను. హీటర్ గాలికి కర్రలో తేమ పోతుంది, తీగలు బిగించే బిరడలు వదులవుతాయి. అందుకే సెల్లో లోపల పెట్టడానికి ఒక తడి ట్యూబు ఉంటుంది. అది హోటల్ గదిలో ఉండిపోయింది.

నాలుగో భాగం, అన్నిటికంటే పొడవైంది, అందులో నా పై తీగ బిరడ టక్కున వెనక్కి తిరిగింది. పూర్తిగా వదల్లేదు గానీ శ్రుతి బాగా దిగింది. కింద ఉండే చిన్న మర తిప్పితే కొంచెమే ఎక్కింది. ఇక ఆ తీగ ముట్టుకోకుండా పక్క తీగ మీదే చెయ్యి పైకి జరుపుకుంటూ, వేళ్లు ఎప్పుడూ పెట్టని చోట్ల పెట్టుకుంటూ నెట్టుకొచ్చాను. వయోలా అతను నా వైపు తల కూడా తిప్పలేదు, కానీ తన విల్లుకి కాస్త బరువు పెంచి నా పలచటి చోట్లన్నీ కప్పేశాడు. కాసేపటికి నాకు చిన్న విరామం వచ్చింది. ఎడమ చేత్తో బిరడని లోపలికి గట్టిగా నొక్కి తిప్పాను, వేలితో తీగ మెల్లగా మీటి చూస్తే దగ్గరకొచ్చింది. మిగతా మూడు భాగాలూ దాన్ని అనుమానంగా వింటూనే వాయించాను.

తెర వెనక్కి రాగానే వయోలా అతను అడిగిన మొదటి మాట, "ట్యూబు ఏది?"

"హోటల్లో."

"కిటికీ సీటు ఇచ్చి మరీ తీసుకొచ్చాం, కాసిని నీళ్లు ఇవ్వలేకపోయావా?"