క్యాసెట్‌లో అమ్మ, వాయిస్ మెసేజ్‌లో అమ్మమ్మ

"అమ్మమ్మకు చెప్పు, ఏం తిన్నావో చెప్పు" అని ఫోన్ ముందు కూర్చోబెట్టి వీపు తడితే చాలు, నా కూతురు బిగుసుకుపోతుంది. మొహానికి ఒక నవ్వు తగిలించుకుని "తిన్నా" అంటుంది. "ఏం తిన్నవ్ బిడ్డా?" "అన్నం." "ఏం కూర?" ఇక్కడ నా వైపు చూస్తుంది. నేను మెల్లగా అందిస్తాను, అది అప్పజెబుతుంది. ఐదు నిమిషాలయ్యాక ఫోన్ తమ్ముడి చేతికి వెళ్తుంది, వాడి చేతిలోంచి సోఫా సందులోకి. ఎండాకాలమైతే ఇక్కడ అమెరికాలో ఆదివారం పొద్దున ఏడున్నరకు, అంటే ఊళ్లో సాయంత్రం ఆరింటికి, చలికాలమైతే ఇంకో గంట తేడాతో, ఏళ్ల తరబడి మా ఇంట్లో నడిచిన తంతు ఇది.

దీనికి నేను పిల్లనే తిట్టేదాన్ని. అమ్మమ్మతో నాలుగు మాటలు మాట్లాడటానికి కూడా ఇంత బద్ధకమా అని. ఒక ఆదివారం అట్లా తిడుతుంటే మధ్యలో నాకే మాట ఆగిపోయింది. ఈ తిట్లు నేనూ తిన్నాను. అప్పుడు నా ముందు ఉన్నది ఫోన్ కాదు, టేప్ రికార్డర్.

మాది జగిత్యాల దగ్గర పల్లె. మా వైపు గల్ఫ్‌లో ఏ దేశం పోయినా "దుబాయ్ పోయిండు" అనే అంటారు. బాపు పనిచేసింది మస్కట్‌లో, అయినా ఊళ్లో కడదాకా ఆయన దుబాయ్ మనిషే. 1986లో వెళ్లాడు, 1999లో తిరిగొచ్చాడు, మధ్యలో రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. ఉత్తరం రాద్దామంటే అమ్మకు చదువు రాదు, ఎవరితోనైనా రాయిద్దామంటే ఇంటి లెక్కలన్నీ వాళ్లకు తెలిసిపోతాయి. అందుకని సెలవు మీద వచ్చినవాళ్లు ఎవరైనా తిరిగి వెళ్తున్నారంటే వాళ్ల చేతికి మామిడికాయ తొక్కు, సకినాలు, వాటితో పాటు ఒక క్యాసెట్.

అరవై నిమిషాల క్యాసెట్, అటు అరగంట, ఇటు అరగంట. రాత్రి అందరి తిండ్లయ్యాక అమ్మ తలుపు గొళ్లెం పెట్టి, రెండు బటన్లు కలిపి నొక్కి, గొంతు సవరించుకుని మొదలుపెట్టేది. "నేను మంచిగున్న, పిల్లలు మంచిగున్నరు, నువ్వు మంచిగున్నవని తలుస్తున్న." ప్రతి క్యాసెట్టూ ఇట్లనే మొదలవ్వాలి. తర్వాత వడ్లు ఎన్ని బస్తాలైనయి, ఎవరికి ఎంత మిత్తి కట్టింది, బర్రె ఈనింది, దుడ్డె పుట్టింది, మీ అన్న గెట్టు జరిపిండు, నేను ఊకోలేదు... మధ్యలో కుక్క మొరిగితే అదీ రికార్డయ్యేది. ఇంకో రెండు నిమిషాల టేపు ఉందనగా నన్ను లాగి ముందు కూర్చోబెట్టేది, "బాపుకు చెప్పు." ఏం చెప్పాలి? రెండేళ్లకోసారి సెంటు వాసనతో, పెద్ద సూట్‌కేసుతో వచ్చే మనిషి. నాకు నోరు పెగిలేది కాదు, టేపు తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. "మంచిగ సదువుకుంటున్న అని చెప్పు." "మంచిగ సదువుకుంటున్న." టక్.

బాపు సంగతి ఒక రకంగా తేలిక అనిపిస్తుంది ఇప్పుడు. కష్టం తక్కువని కాదు. ఎన్నేళ్లు పనిచేసినా ఆ దేశం తనది కాదని ఆయనకు మొదటిరోజు నుంచీ తెలుసు, సంపాదించిన ప్రతి రూపాయీ ఊళ్లో ఇటుకయింది. ఒక్కడే పోయాడు, ఊరిని మాత్రం తలలో పెట్టుకుపోయాడు. మేం అట్లా కాదు. కొలువు, కాపురం, కాన్పులు అన్నీ డాలస్‌లోనే. ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే గ్రీన్ కార్డు కోసం 2015లో లైన్లో నిలబడ్డాం, ఇంకా నిలబడే ఉన్నాం. ఉద్యోగాల కింద ఏడాదికి ఇచ్చేవి దాదాపు 1,40,000, భార్యాపిల్లలూ ఆ లెక్కలోనే, ఏ ఒక్క దేశానికీ మామూలుగా 7 శాతం దాటకూడదు, మనవాళ్లేమో లక్షల్లో. వీసా స్టాంపు గడువు తీరినా ఇక్కడ ఉండి పనిచేసుకోవచ్చు, కానీ దేశం దాటితే మళ్లీ స్టాంపింగ్, అంటే అమెరికా కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద కొత్త వీసా వేయించుకోవడం, అయితేనే లోపలికి రానిస్తారు. కాబట్టి ఊరికి పోదామా అనుకోగానే మేం టికెట్ల ధర కాదు, పాస్‌పోర్టు తీసి చూస్తాం. 2021 మేలో కోవిడ్‌తో బాపు పోయినప్పుడు స్టాంపింగులు దాదాపు ఆగిపోయి ఉన్నాయి. పోతే ఎప్పుడు తిరిగొస్తామో తెలియదు, చంటి పిల్లాడు, ఇంటి లోను. పోలేదు. పాడె లేపడం వాట్సాప్‌లో చూశాను, రెండుసార్లు సిగ్నల్ పోయింది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

తమాషా ఏమిటంటే పిల్లలకు ఈ టెన్షన్ లేదు. ఇక్కడ పుట్టారు కాబట్టి అమెరికా పౌరులు, మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి వాళ్లకు ఓసీఐ కార్డు, విదేశీ పౌరులైన మనవాళ్ల పిల్లలు వీసా లేకుండా వచ్చిపోవడానికి మన దేశం ఇచ్చేది. పదకొండేళ్ల పిల్ల ఎప్పుడంటే అప్పుడు అటూ ఇటూ తిరగగలదు, కన్నవాళ్లం మాత్రం ఎయిర్‌పోర్టు దాకా వచ్చి చేతులూపాలి. కార్డు వచ్చినరోజు అమ్మకు చెప్తే ఆమె అడిగినవి రెండే ప్రశ్నలు. "ఓటుంటదా?" ఉండదు. "భూమి?" వ్యవసాయ భూమి కొనడానికి లేదు గానీ వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చన్నాను. "అయితే ఓటు ఏం జేసుకుంటది, నా రెండెకరాలు ఉండనియ్" అంది.

శనివారం తెలుగు బడికి పంపిస్తున్నాం, ఐదేళ్లుగా. అక్షరాలు గుండ్రంగా రాస్తుంది, పద్యం గడగడా చెప్తుంది. అయితే అక్కడ నేర్చుకున్న తెలుగు మా అమ్మ దగ్గర చెల్లదు. పుస్తకంలో బొమ్మ చూపించి "గేదె" అంటే అమ్మ "గేదె ఏంది బిడ్డా, బర్రె" అంటుంది. మజ్జిగ అంటే "సల్ల". ఇది బుద్ధిగా క్లాసులో "సల్ల" అని రాస్తే టీచర్ కొట్టేసి మజ్జిగ అని దిద్దింది. నాకు చుర్రుమంది, నిజమే, కానీ ఆవిడా శనివారం మాకోసం వచ్చి, తన పిల్లలతో గడపాల్సిన ఆదివారం పేపర్లు దిద్దుకునే మనిషి, ఏమంటాం. పరీక్షలో మజ్జిగ రాయి, ఇంట్లో సల్ల తాగు అని చెప్పాను. మా ఆయన నవ్వాడు, వాళ్లది తెనాలి, ఆయనకేం.

కిందటేడు బతుకమ్మకు ముందు పూలకోసం నర్సరీకి వెళ్లాం. ఇక్కడ తంగేడు దొరకదు, బంతి, చామంతితోనే సరిపెట్టుకుంటాం, పేర్చిన బతుకమ్మను పిల్లలు ఈదే గాలి తొట్టిలో నీళ్లు పోసి వదుల్తాం, అదీ అమావాస్య, అష్టమి చూసుకుని కాదు, శనివారం చూసుకుని. నేను బంతి కుండీలు ఏరుతుంటే పిల్ల ఒక మొక్క ముందు ఆగిపోయింది. గులాబీ రంగు కంకులు, మెత్తగా, కుచ్చుల్లా. చీటీ మీద సెలోసియా అని ఉంది. "ఇది అమ్మమ్మ ఫోటోలో ఉన్న పువ్వు కదా?" అంది. బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వని దాని ఉద్దేశం, నాకు అనుమానమే. అక్కడ అర్ధరాత్రి దాటింది, ఫోన్ చేయడానికి లేదు. నా ఫోన్ తీసుకుని ఫోటో పెట్టి, మైకు నొక్కి, నేను అందించకుండానే "అమ్మమ్మా, ఇది గునుగునా?" అని పంపింది.

రాత్రి మేం అన్నాలు తినేటప్పటికి జవాబు వచ్చింది. నాలుగు నిమిషాలు. "నేను మంచిగున్న బిడ్డా, నువ్వు మంచిగున్నవని తలుస్తున్న." నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే గొంతు, అదే ఎత్తుగడ, వెనక కుక్క కూడా. తర్వాత గునుగే అని ఒప్పుకుంది, మరి గింత లావెందుకుంది, మందులేసిన్రా అని అడిగింది, ఎంతకు కొన్నరు అంది. కుండీ ఆరు డాలర్లని పిల్ల జవాబు పంపింది. దానికి వచ్చిన మెసేజ్‌లో ముందు పావు నిమిషం నవ్వే ఉంది. "పైసలు వెట్టి కొన్నరా? మన మక్క చేన్ల పీకి పారేస్తం గదనే!" తర్వాత నేను వెతికి చూశాను, రెండూ ఒకే జాతి మొక్క, ఇక్కడివి రంగుకోసం పెంచినవి.

అప్పటినుంచి మొదలైంది. వీడియో కాల్‌లో రెండు మాటలు రాని పిల్ల మైకు నొక్కి పట్టుకుని గదిలో తిరుగుతూ మాట్లాడుతుంది. తప్పు వస్తే చెరిపేసి మళ్లీ చెప్తుంది. ఎదురుగా మొహం లేకపోవడం, పక్కన నేను లేకపోవడం, ఈ రెండే దానికి కావాల్సినవని నాకు ఇన్నేళ్లూ తట్టలేదు. నేను మాట అందించడం మానేస్తే దానికి మాటలు వచ్చాయి. వచ్చిన మాటలు కూడా కలగాపులగం, సగం బడి తెలుగు, సగం జగిత్యాల, ఏ ఊరిదీ కాని యాస. మొన్న హోంవర్క్ గురించి అడిగితే "పరేషాన్ చేయకు" అంది, మా ఇంట్లో ఆ మాట నేనే మర్చిపోయి చాలా కాలమైంది. మా చిన్నోడు ఇంకా ఇందులోకి రాలేదు, వాడికి ఫోన్ అంటే ఆటలే, వాడి దారి ఏదో నాకు తెలియదు.

వాళ్లు ఏం మాట్లాడుకుంటారో నాకు చెప్పరు. దాని గదిలోంచి అమ్మ గొంతు వినిపిస్తుంటుంది, నేను తలుపు దగ్గరికి వెళ్తే ఆగిపోతుంది. "ఏమంటుంది అమ్మమ్మ?" అంటే "గది మా ముచ్చట" అంటుంది.

పోయిన వారం మార్కులు తగ్గాయని దాని దగ్గరున్న నా పాత ఫోన్ తీసి బీరువాలో పెట్టాను. ఆదివారం అమ్మకు చేస్తే ఎప్పట్లా తిన్నవా అని అడగలేదు. "ఏమే, పిల్ల దగ్గర ఫోన్ గుంజుకున్నవట? వాళ్ల నాయిన ఫోన్ల నుంచి చెప్పింది. రేపటికల్ల ఇచ్చెయ్, దాంట్ల నా ముచ్చట సగమే విన్నది."